ఊదారంగు కొస

ముందు శబ్దం వినిపించింది.

సందు మలుపు దగ్గరే అది చెవిన పడుతుంది. కొత్త గుడ్డని ఎవరో ఒకే విసురులో, మధ్యలో ఎక్కడా ఆగకుండా, చివరిదాకా చింపుతున్నట్టు. అందులో తొందర లేదు, సందేహం లేదు. సందులో సైకిళ్ళు బాగుచేసే మనిషికి అది రోజూ వినే మోతల్లో ఒకటి. ఎదుటి మేడమీద బట్టలు ఆరేసే ఆవిడకి అసలు శబ్దమే కాదు. కానీ లేత్ షెడ్డు బయట, గొళ్ళెం మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్ళకుండా నిలబడ్డ ఒక మనిషికి మాత్రం ఎవరో తనని నలుగురిలో నిలబెట్టి తిడుతున్నట్టుగా ఉంది.

ఆ మనిషి ఆ ఇంటి పెద్దల్లుడు. ఇరవై రెండేళ్ళుగా ఆ షెడ్డు తలుపు పొద్దున్నే తెరిచింది అతనే. ఈమధ్య అతను వచ్చేసరికే తలుపు తెరిచి ఉంటోంది. లోపల ఆ శబ్దం చేస్తున్నవాడు చిన్నల్లుడు.

వీధిలో పెద్దల్లుణ్ణి వెంట్రుక మేస్త్రి అంటారు. తల మీద వెంట్రుకలు ఎప్పుడో సెలవు తీసుకున్నాయి కాబట్టి కొత్తవాళ్ళు అది వెక్కిరింత అనుకుంటారు. కాదు. లేత్ మీద గిరగిరా తిరిగే కడ్డీని టూలు మొనతో చెక్కేటప్పుడు అతను లోతుకి పోడు. వెంట్రుకంత మందం పొర ఒకటి తీస్తాడు. ఆపుతాడు. మైక్రోమీటరు పెట్టి కొలుస్తాడు. ఇంకో పొర తీస్తాడు. మళ్ళీ ఆపుతాడు. పుండుకి కట్టిన గుడ్డ విప్పే నర్సులా ఉంటుంది అతని చెయ్యి. అతను చేసిన ఇరుసుని, దాన్ని పట్టుకునే బుష్ రంధ్రంలోకి వదిలితే తనంతట తనే, నిద్రలోకి జారినట్టు, మెల్లగా దిగేది. ఆ చేతిని చూసే మామగారు తన పెద్దకూతుర్ని ఇచ్చాడు. ఆ మాట ఆయనే నలుగురిలో చెప్పేవాడు. చిన్నల్లుడు రాకముందు.

షెడ్డులో మూడు లేత్‌లు. కిటికీ దగ్గరున్నది మామగారిది. ఆయన కళ్ళకి మంచు కమ్మాక దాని మీద గోనె కప్పేశారు. మధ్యది పెద్దల్లుడిది, గోడ పక్కది చిన్నల్లుడిది. షెడ్డుకీ ఇంటికీ మధ్య ఒకటే గోడ, ఒకటే గుమ్మం. ఆ గుమ్మంలో పేము కుర్చీ వేసుకుని మామగారు కూర్చుంటాడు. చూపు మందగించిన దగ్గర్నుంచి ఆయన చెవులతో చూస్తున్నాడు. టూలు మొన మొద్దుబారితే, పనిచేసేవాడికంటే ముందు ఆయనకే తెలిసిపోతుంది. "మూడో లేత్, మొన మార్చు" అంటాడు కుర్చీలోంచే. కడ్డీలు పెట్టుకునే అర కూడా ఆ గుమ్మం పక్కనే. ఏ కడ్డీ బయటికి తీసినా ఆ చప్పుడు ఆయన చెవి దాటిపోదు.

అంతా సవ్యంగానే ఉండేది, ఆ ఉక్కు రాకపోయి ఉంటే.

అప్పటికి రెండేళ్ళ కిందట నీళ్ళ ప్లాంటు ఇంజనీరు ఒక సంచి పట్టుకుని వచ్చాడు. సంచిలో రెండు స్టెయిన్‌లెస్ ముక్కలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. ఒకటి గేటు పిన్ను, రెండోది దాని బుష్. నీళ్ళు వదిలే గేటు ఆ పిన్నుల మీదే తిరుగుతుంది. సుత్తితో కొట్టినా అవి విడిపోలేదని, గేటు సగంలో ఆగిపోయి ఒక పూటంతా సగం ఊరికి నీళ్ళు లేవని చెప్పాడు.

మామగారు ఆ ముక్కల్ని వేళ్ళతో తడిమి నవ్వాడు. "స్టెయిన్‌లెస్‌కి స్టెయిన్‌లెస్ అంటే మహా ప్రేమండీ. గట్టిగా ఒత్తిపెట్టి రుద్దితే చాలు, కావలించుకుంటాయి. విడదీయబోతే చర్మం ఊడొస్తుంది. మధ్యలో గ్రీజు పెడితే కాస్త మర్యాదగా ఉంటాయి."

"గ్రీజు కుదరదు. తాగే నీళ్ళు" అన్నాడు ఇంజనీరు.

అలా వచ్చింది ఆ కొత్త ఉక్కు. అదీ స్టెయిన్‌లెస్సే. అదే వెండి మెరుపు, రమారమి అదే బరువు. అయస్కాంతం దీనికీ అంటదు, దానికీ అంటదు. పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. తేడా అంతా లోపల. మామూలు దానికంటే ఇందులో మాంగనీసు, సిలికాన్ బాగా ఎక్కువ, పైగా కాస్త నత్రజని. దాంతో రాపిడి తగిలిన చోట దానికి గట్టి చర్మం కడుతుంది. అరగదు, తుప్పు పట్టదు, పక్కదాన్ని పట్టుకోదు. నూనె చుక్క లేకుండా, నీళ్ళలో నానుతూ, బరువు మోస్తూ ఏళ్ళ తరబడి తిరగగలదు. వాల్వు కడ్డీలకి, పంపుల లోపలి రింగులకి, వంతెనల కింద అతుకుల పిన్నులకి వాడతారట. షెడ్డులో దానికి 'పట్టనిది' అని పేరు పడింది.

మామగారు ఇద్దరల్లుళ్ళనీ పిలిచి ఒక ఆట చూపించాడు. మామూలు స్టెయిన్‌లెస్ బోల్టుకి మామూలు స్టెయిన్‌లెస్ నట్టు పొడిగా ఎక్కించి, బిగించి, వెనక్కి తిప్పమన్నాడు. రెండు చుట్లు తిరిగి కీచుమని ఆగింది. ఇక ముందుకీ లేదు, వెనక్కీ లేదు. తర్వాత పట్టనిదానితో చేసిన నట్టు ఇంకో బోల్టుకి అలాగే బిగించమన్నాడు. విప్పితే బొంగరంలా తిరిగి చేతిలోకొచ్చింది. కరుచుకుపోయిన జంటని కిటికీ గట్టు మీద పెట్టాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

పట్టనిది రాపిడికి లొంగదు. మంచిదే. కానీ లేత్ మీద టూలు మొన కూడా రాపిడే కదా. మొన లోతుగా దిగి ఆగకుండా సాగిపోతే చెక్కనిస్తుంది. భయపడి పైపైన తాకితే, మధ్యలో ఒక్క క్షణం ఆగితే, ఆగిన చోటే గట్టిపడిపోతుంది. ఆ తర్వాత మొన అరుస్తుంది, కాలుతుంది, విరుగుతుంది.

పల్చగా కోయడం, ఆపి కొలవడం. ఇరవయ్యేళ్ళుగా పెద్దల్లుడు పొగడ్తలు తెచ్చుకున్న పద్ధతే ఆ ఉక్కుకి గిట్టలేదు. చిన్నల్లుడు పొలం యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాడు. కొలతకంటే ముందు కోతే నేర్చుకున్నాడు. మొదటి రోజే మొన లోతుకి దించి, దమ్ము పట్టినట్టు చివరిదాకా లాగేశాడు. అప్పుడే ఆ శబ్దం మొదటిసారి షెడ్డులో పుట్టింది. మామగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అబ్బ! ఎవరిదిరా ఆ కోత?"

అంతే. ఆ ఒక్క 'అబ్బ' పెద్దల్లుడి కడుపులో నిప్పురవ్వలా పడింది. ఇరవయ్యేళ్ళలో తన కోసం మామగారు ఎన్నిసార్లు లేచి నిలబడ్డాడో ఆ రాత్రి పక్క మీద లెక్కవేశాడు. ఒక్కసారి. అదీ పెళ్ళి పీటల దగ్గర.

చిన్నల్లుడు చెడ్డవాడైనా బాగుండేది. కాదు. టీ తెచ్చుకుంటే రెండు గ్లాసులు తెస్తాడు. "అన్నయ్యా, నీ చెయ్యి మంచిది, ఈ కొలతొకసారి చూసిపెట్టు" అంటాడు. ఆ మర్యాదకి పెద్దల్లుడి ఒళ్ళు మరింత మండేది. తిట్టడానికి ఒక్క కారణమైనా ఇవ్వని మనిషిని ఎంతకాలమని భరించడం? చివరికి అతని ఈల మీద పగపట్టాడు. కోత బాగా సాగుతున్నప్పుడు చిన్నల్లుడు సన్నగా ఈలవేస్తాడు. ఆ ఈలలో రాగం తప్పుతుంది. అదొక్కటే పెద్దల్లుడికి కాస్త ఊరట.

భోజనం దగ్గర ఒకరోజు భార్యని కదిపాడు. "మీ చెల్లెల్ని అడుగు, వాడి చేతిలో ఏముందో."

"అడిగాను."

"ఏమంది?"

"ఐదు వేళ్ళున్నాయంది."

"వేళాకోళమా?"

"మరేం చెప్పమంటారు? మీరు వాడి చేతులకేసి చూస్తారు, వాడు మీ చేతులకేసి చూస్తాడు. మేమిద్దరం మీ మొహాలకేసి చూస్తున్నాం. కూర చల్లారిపోతోంది, తినండి."

"వాడు నా చేతులకేసి ఎందుకు చూస్తాడు?"

ఆవిడ గ్లాసులో నీళ్ళు పోసి లేచిపోయింది.

ఆ ఉక్కు వచ్చిన రెండేళ్ళకి, వేసవిలో, ప్లాంటుకి పన్నెండు గేటు పిన్నులు కావాలన్నారు. మామగారు ఇద్దర్నీ పిలిచి, తలగడ కింద నుంచి చిన్న తోలు సంచి తీశాడు. అందులో ముద్ర ఉంది. వేలెడంత ఉక్కు ముక్క, కొసన గుండ్రంగా ఆరు చుక్కలు. పూర్తయిన ప్రతి ముక్క కొస మీదా దాన్ని పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాకే అది షెడ్డు దాటుతుంది. కొట్టేది ఒక్కరే. ఆ దెబ్బ పడ్డాక ముక్కకి ఏం జరిగినా ఆ ఒక్కరే జవాబు చెప్పాలి.

"నాకు ఆరు చుక్కలు పన్నెండులా కనిపిస్తున్నాయి" అన్నాడు మామగారు. "ఈ పిన్నులు పూర్తయిన రోజు ఇది మీలో ఒకడికి ఇచ్చేస్తాను. ఎవడికో ఆ రోజే చెబుతాను. ఈలోపు నన్ను ఎవరూ కాకాపట్టకండి, నాకు కాకా పడదు."

చిన్నల్లుడు నవ్వాడు. పెద్దల్లుడికి నవ్వు రాలేదు. ముద్ర తనదేనని అతను పెళ్ళినాటి నుంచీ అనుకుంటూ వచ్చాడు. అడగకుండా వస్తుందనుకున్నది ఇప్పుడు గెలుచుకోవాలి. గెలవాలంటే ఆ శబ్దం తన లేత్ నుంచి రావాలి.

పట్టనివి రెండే కడ్డీలున్నాయి. ఒకదాంట్లోంచి చిన్నల్లుడు ఎనిమిది పిన్నులు తీసేశాడు. మిగతా నాలుగు రెండో కడ్డీలోంచి రావాలి. అది మామూలు స్టెయిన్‌లెస్ కడ్డీల పక్కనే అరలో పడుకుని ఉంది. కలిసిపోకుండా ఉండాలని షెడ్డులో ఒక నియమం ఉంది. ప్రత్యేకమైన ఉక్కుకి ఒక కొసన రంగు పూస్తారు. ఎప్పుడు కోసినా రంగు లేని కొస నుంచే కోయాలి. చివరి జానెడు ముక్క మిగిలేదాకా రంగు దాని ఒంటి మీద ఉండాలి. పట్టనిదానికి ఊదారంగు. ఆ రంగు డబ్బా చిన్నల్లుడి గది తలుపుకి వేయగా మిగిలింది. ఆ సంగతి కూడా పెద్దల్లుడికి గుచ్చుకునేది.

సెలవు రోజు, ఇంకా తెల్లగా తెలవారకుండానే, అతను షెడ్డులో దూరాడు. దీపం వేస్తే గుమ్మంలోంచి వెలుతురు ఇంట్లోకి పడుతుందని వెయ్యలేదు. చీకట్లో రంగు లేని కొసని నమ్మబుద్ధి కాలేదు. తీరా మామూలు కడ్డీ కోసుకుని దాని మీద సాధన చేస్తే? తడిమి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఊదారంగు కళ్ళతో చూసి, ఆ కొసనే రంపంతో జానెడు కోసేశాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నియమం తప్పాడు.

లేత్ తిప్పాడు. మొదటి కోత కీచుమని ఏడ్చింది. రెండోదీ అంతే. మూడోసారి కళ్ళు మూసుకున్నాడు. తన చెయ్యి తనది కాదనుకున్నాడు. మొనని లోతుకి దించి, ఊపిరి బిగబట్టి, ఆగకుండా లాగాడు.

గుడ్డ చిరిగింది. ఒకే విసురులో. వెండి రిబ్బను వంపులు తిరుగుతూ అతని మోచేతి మీదుగా జారింది. తన లేత్ నుంచి, తన చేతిలోంచి వస్తోందా శబ్దం. చెవుల్లో తేనె పోసినట్టయింది.

గోడకి అవతల మంచం కిర్రుమంది. మామగారి గొంతు నిద్రమత్తులో, మురిపెంగా అంది: "చిన్నాడా? సెలవు రోజు కూడానా నాయనా!"

చెయ్యి ఆగింది. ఆగిన చోటే ఉక్కు గట్టిపడింది. మొన టప్పుమని విరిగి కాలి దగ్గర పడింది.

అతను చెక్కిన ముక్కని సొరుగులో, పాత గుడ్డల కింద తోసేశాడు. కడ్డీని అరలో పెట్టేసి, ఇంట్లో ఎవరూ లేవకముందే దొడ్డిదారిన బయటికి నడిచాడు. రోజంతా ఊరి చివరిదాకా తిరిగాడు. తను జీవితంలో చేసిన అతి మంచి కోత తోడల్లుడి ఖాతాలో పడిపోయింది. కళ్ళల్లో కారం కొట్టినట్టు ఉంది. ఆ మంటలో, కోసిన కొసకి మళ్ళీ రంగు పూయాలన్న సంగతే మరిచాడు.

మర్నాడు పొద్దున మొహం కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. సబ్బు మొహంతోనే పరుగెత్తాడు. అరలో, ముందువైపు, ఒకే లావు కడ్డీలు రెండు పక్కపక్కన ఉన్నాయి. రెండింటి కొసలూ రంపం కోసిన కొత్త మెరుపుతో ఉన్నాయి. ఒకటి నిన్న కోసిన పట్టనిది. రెండోది మామూలుది. మొన్న లాండ్రీవాళ్ళ కుళాయి కడ్డీల కోసమని అతనే కోశాడు. ఏది ఏది? వెలుతురుకి పెట్టి చూశాడు, తట్టి విన్నాడు. గుమ్మంలో చిన్నల్లుడి చెప్పుల చప్పుడైంది. ఎడమవైపు దానికి ఊదారంగు అద్ది, బ్రష్ జేబులో దాచుకున్నాడు. చొక్కా పాడైంది. అది తర్వాత మాట.

ఆ రోజు చిన్నల్లుడు నాలుగు పిన్నులూ మధ్యాహ్నం లోపే చేసేశాడు. "అన్నయ్యా, ఈ కడ్డీ చూడు, వెన్న కోసినట్టుంది!" అన్నాడు ఈల ఆపి.

కుర్చీలోంచి మామగారు కూడా అన్నాడు, "ఇవాళ కోత మరీ మెత్తగా ఉందిరా. చెయ్యి బాగా తిరిగింది నీకు."

వెంట్రుకంత తేడాని పట్టుకునే మనిషి ఆ మాటలు విని ఆలోచించాల్సింది. పట్టనిది వెన్నలా ఎందుకు తెగుతుంది? అంత మెత్తని శబ్దం దానికెక్కడిది? కానీ అసూయ చెవిలో దూది పెట్టింది. అతనికి వినిపించింది ఉక్కు కాదు, పొగడ్త. మొహం మాడ్చుకుని తన లేత్ వైపు తిరిగాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఇంజనీరు వచ్చి పిన్నులు తీసుకెళ్ళాలి. ఆ ముందే ముద్ర. పొద్దున్నే పెద్దల్లుడు లాండ్రీవాళ్ళ పని కోసం రంగు లేని కడ్డీ కోసి లేత్‌కి బిగించాడు. తన పద్ధతిలో మొనని వెంట్రుకంత దించాడు.

కడ్డీ కీచుమంది.

అతనికి ఆ ఏడుపు తెలుసు. రెండేళ్ళుగా తనని అవమానించిన ఏడుపది. మామూలు స్టెయిన్‌లెస్ ఏ రోజూ తన మీద అలా అరవలేదు. లేత్ ఆపి, గట్టిపడి అద్దంలా మెరుస్తున్న చోటుని వేలితో తాకాడు. ఇది పట్టనిది. అంటే తను రంగు పూసింది మామూలు కడ్డీకి. అంటే బల్ల మీదున్న పన్నెండు పిన్నుల్లో నాలుగు, నీళ్ళలో, బరువు కింద, పొడిగా తిరుగుతూ తిరుగుతూ ఏదో ఒక రోజు బుష్‌ని కావలించుకుంటాయి. ఊరి నీళ్ళు మళ్ళీ సగంలో ఆగిపోతాయి.

స్టూలు మీద కూలబడ్డాడు.

ఆ తర్వాత పావుగంట అతను ఏం ఆలోచించాడో అతనే తర్వాతెప్పుడో, ఈ కథ రాసుకోవడానికి వచ్చిన మనిషికి దాచుకోకుండా చెప్పాడు. నోరు మూసుకుంటే చాలు. కోసింది చిన్నల్లుడు. మెత్తగా ఉందని పసిగట్టనిది కూడా అతనే. ఏడాదికో రెండేళ్ళకో గేటు పట్టేస్తే వేళ్ళన్నీ అటే చూపిస్తాయి. అప్పుడు మామగారు తడుముకుంటూ వచ్చి, ముద్ర వెనక్కి తీసుకుని, తన చేతిలో పెడతాడు. ఆ దృశ్యం ఎంత తియ్యగా ఉందంటే, దాన్ని మూడుసార్లు చూసుకున్నాడు. మూడోసారి చూస్తుంటే కిటికీ గట్టు మీది జంట కంటపడింది. కరుచుకుపోయిన బోల్టు, నట్టు. రెండేళ్ళుగా తను చిన్నల్లుణ్ణి అలాగే పట్టుకుని వేలాడుతున్నాడనిపించింది. ఏదో మంచితనం పొంగుకొచ్చి కాదు, ఒట్టి అలసట వచ్చి, లేచాడు.

గుమ్మంలో మామగారు తోలు సంచి ముడి విప్పుతున్నాడు. చిన్నల్లుడు పిన్నులు వరసగా పేరుస్తున్నాడు.

"మామయ్యా, ముద్ర కొట్టకండి."

"ఎవరికిస్తానో చెప్పకముందే అలకా?"

"అలక కాదు. ఇందులో నాలుగు పట్టనివి కావు. మామూలువి. రంగు నేనే తప్పు పూశాను."

అంతా చెప్పాడు. సెలవు రోజు చీకటి, ఊదా కొస, విరిగిన మొన, సబ్బు మొహం, బ్రష్. చెబుతున్నంతసేపూ నేల వైపే చూశాడు. సొరుగులోంచి ఆ ముక్క తెచ్చి మామగారి చేతిలో పెట్టాడు.

చిన్నల్లుడి మొహం ఎర్రబడింది. "నాతో ఒక్క మాట అంటే నేర్పించేవాణ్ణి కదా అన్నయ్యా!"

"అందుకే అనలేదు."

మామగారు ఆ ముక్క మీద బొటనవేలు చాలాసేపు ఆడించాడు. మొన ఆగిపోయిన చోట వేలు కూడా ఆగింది. "ఆ పొద్దున కోసింది నువ్వా?"

"నేనే."

"మూడోసారి బాగుంది."

పెద్దల్లుడికి కళ్ళు మసకబారాయి. ఎవరూ చూడకుండా లేత్ మీది నూనె గుడ్డతో తుడుచుకున్నాడు. కళ్ళు మరింత మండాయి.

"సరే, ఏ నాలుగు?" అన్నాడు చిన్నల్లుడు. "అన్నీ కలిపేసి పాలిష్ పెట్టేశాను. నాకైతే తెలీడం లేదు. మధ్యాహ్నానికల్లా ఆయన వచ్చేస్తాడు."

అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. కొలత ఒకటే, మెరుపు ఒకటే. గ్రైండరుకి తాకించి నిప్పురవ్వల్ని బట్టి పోల్చుదామంటే పాలిష్ పోతుంది. అయితే ప్రతి పిన్నుకీ ముద్ర పడే కొసన ఒక మిల్లీమీటరు ఎక్కువ ఉంచడం వాళ్ళ అలవాటు. చివర్లో దాన్ని చదును చేసి, ఆ చదును మీదే ముద్ర కొడతారు.

పెద్దల్లుడు మొదటి పిన్ను తీసుకుని తన లేత్‌కి బిగించాడు. "నువ్వు చేస్తే లోతుగా పోతావు, రెండూ తెగుతాయి. తేడా తెలీదు" అన్నాడు తోడల్లుడితో. రెండేళ్ళలో అతనితో అన్న అతి పొడుగు మాట అది. "నేను చేస్తాను. మామయ్యా, మీరు వినండి."

వెంట్రుకంత కోత. కీచుమంది.

"పట్టనిది" అన్నాడు మామగారు.

రెండోది. కీచు. మూడోది, కొస మీద టూలు తాకగానే, పాలు పొంగే ముందు గిన్నె చేసే చప్పుడంత మెత్తగా సాగింది. మామగారు వేలు ఎత్తాడు. చిన్నల్లుడు దాన్ని పక్కన పెట్టాడు. ఇంట్లోంచి అక్కాచెల్లెళ్ళిద్దరూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఎనిమిది అరిచాయి. నాలుగు అరవలేదు. ఏ చేతి మెత్తదనం ఆ ఉక్కుకి గిట్టలేదో, ఆ మెత్తదనమే దాన్ని ఒక్కొక్కటిగా పట్టిచ్చింది.

తర్వాత చిన్నల్లుడు, అరిచిన ఎనిమిదింటి కొసల మీదా తన లోతు కోత ఒకటి వేసి చదును చేశాడు. ఇంజనీరు వచ్చాక సంగతి దాచలేదు. ఆయన నొసలు చిట్లించి, రేపు వస్తానని వెళ్ళిపోయాడు. అసలైన కడ్డీలోంచి నాలుగు పిన్నులు చిన్నల్లుడే సాయంత్రానికి చేశాడు. పక్కన పెద్దల్లుడు నిలబడ్డాడు, మైక్రోమీటరుతో.

ముద్ర చిన్నల్లుడికే ఇచ్చాడు మామగారు.

"నువ్వు నిజం చెప్పావు, కాదనను" అన్నాడు పెద్దల్లుడితో. "కానీ రంగు పూసే ముందు ఒక్క పొర చెక్కి చూస్తే నీ చేతికే తెలిసేది. చూడలేదు. తప్పు చేశావని కాదు నా బాధ, నా దగ్గర దాక్కుని చేశావు. ముద్ర పట్టుకునేవాడు దాక్కోకూడదు."

పెద్దల్లుడు తలూపాడు. కడుపులో నిప్పు భగ్గుమంది. ఎక్కడికి పోతుంది? న్యాయంగా ఓడిపోయినంత మాత్రాన అసూయ ఆరిపోదు. పోట్లాడటానికి చోటు లేక ఇంకా ముడుచుకుంటుంది.

అప్పుడు చిన్నల్లుడు సుత్తి బల్ల మీద పెట్టేశాడు. "ఒక షరతు మామయ్యా. అన్నయ్య కొస చెక్కి, సరే అంటేనే నేను కొడతాను. లేకపోతే ఇది మీ తలగడ కిందే ఉండనివ్వండి."

"ఎందుకు?" అన్నాడు పెద్దల్లుడు, అనుమానంగా.

"నీలా వెంట్రుకంత తీసి ఆగడం నాకు రాదన్నయ్యా. రెండేళ్ళుగా చూస్తున్నాను. నాకూ కడుపుమంటే."

భార్య ఆ రోజు భోజనం దగ్గర చెప్పని జవాబు అది. ఆవిడ గుమ్మంలోంచి చెల్లెలి భుజం గిల్లింది.

అప్పట్నుంచి ఆ షెడ్డులో పద్ధతి మారింది. ప్రత్యేకమైన ఉక్కుతో చేసిన ఏ ముక్కైనా ముందు మధ్య లేత్ మీదికి వెళుతుంది. వెంట్రుక మేస్త్రి కొస మీద వెంట్రుకంత చెక్కి, తల వంచి, వింటాడు. అది తన గొంతుతో తన పేరు చెప్పాకే గోడ పక్కకి వెళుతుంది. అక్కడ లోతు కోత, తర్వాత సుత్తి దెబ్బ. గేట్లు ఇప్పటికి ఐదేళ్ళుగా తిరుగుతున్నాయి. మామగారి కుర్చీ ఖాళీ అయి ఏడాది దాటింది. దాన్ని గుమ్మంలోంచి తీయడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.

ఇదంతా చెబుతున్నంతసేపూ పెద్దల్లుడు ఒక కడ్డీ కొసకి ఊదారంగు పూస్తూనే ఉన్నాడు, రెండుసార్లు, అంచులు పోకుండా. గోడ పక్క నుంచి మళ్ళీ ఆ శబ్దం మొదలైంది. గుడ్డ చిరిగినట్టు, ఒకే విసురులో. దాని వెనకే రాగం తప్పిన ఈల. అతని దవడ బిగుసుకుంది. కోత చివరిదాకా విన్నాడు. బ్రష్ కడిగి, డబ్బా మూత బిగించి, తన కథ రాసుకుంటున్న మనిషిని సందు దాకా సాగనంపుతూ, గొంతు తగ్గించి అన్నాడు:

"వాడి కోత నాకంటే బాగుంటుందని రాస్తే రాయండి. నేను చెప్పానని మాత్రం రాయకండి."